వసంతం తొందరపడితే

ఎండలు ముందే ముదిరితే మనకు భయం. చెరువు ఎండుతుంది. బావిలో నీళ్ళు అడుగుకు పోతాయి. చలి దేశాల సంగతి అలా కాదనుకుంటాం. నెలల తరబడి మంచులో ఉండేవాళ్ళు కదా, ఎండ ఎంత తొందరగా వస్తే వాళ్ళకు అంత సంతోషం అనుకుంటాం. నిజమే, చాలామందికి సంతోషమే. కానీ అక్కడ కూడా ఎండ ముందుగా వస్తే గుండె గుభేలుమనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు పండ్ల తోటల రైతులు.

అమెరికా, కెనడా దేశాల సరిహద్దు దగ్గర ఐదు పెద్ద సరస్సులు ఉన్నాయి. సుపీరియర్, మిషిగన్, హ్యూరన్, ఈరీ, ఒంటారియో అని వాటి పేర్లు. అన్నీ మంచినీటి సరస్సులే. ఎంత పెద్దవంటే, మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపి సుమారు 2,75,000 చదరపు కిలోమీటర్లు. ఈ ఐదు సరస్సులు కలిపి సుమారు 2,44,000 చదరపు కిలోమీటర్లు. అంటే మన రెండు రాష్ట్రాలకంటే కొంచెమే తక్కువ. ఒక్క మిషిగన్ సరస్సే 490 కిలోమీటర్ల పొడవు ఉంటుంది. విజయవాడ నుంచి విశాఖపట్నం దాకా రోడ్డు 350 కిలోమీటర్లే కదా! ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కనపడదు. తెలియనివాళ్ళు సముద్రం అనుకుంటారు.

ఆ ప్రాంతంలో షికాగో, డెట్రాయిట్ లాంటి పెద్ద నగరాలు ఉన్నాయి. మన తెలుగువాళ్ళు కూడా అక్కడ చాలామంది ఉంటున్నారు. మీ ఊరి పిల్లలెవరైనా ఉంటే ఏప్రిల్ నెలలో ఫోనులో అడిగి చూడండి. "ఇంకా స్వెట్టరు తీయలేదు" అంటారు.

ఏప్రిల్ లో కూడా అంత చలి ఎందుకు? దానికి ఆ సరస్సులూ ఒక కారణం.

మధ్యాహ్నం ఎండలో కాలవ గట్టు మీద నడిస్తే ఇసుక కాళ్ళను కాలుస్తుంది. పక్కనే కాలవలో దిగితే నీళ్ళు చల్లగా ఉంటాయి. రెంటి మీదా పడింది ఒకే ఎండ. కానీ నేల తొందరగా వేడెక్కుతుంది. నీళ్ళు నెమ్మదిగా వేడెక్కుతాయి. అదే రాత్రి పూట చూడండి. ఇసుక చల్లారిపోతుంది, నీళ్ళు మాత్రం గోరువెచ్చగా ఉంటాయి. నీళ్ళకు వేడెక్కడానికీ ఎక్కువసేపే, చల్లారడానికీ ఎక్కువసేపే.

అంత పెద్ద సరస్సు చలికాలమంతా చల్లబడి ఉంటుంది. ఒక్కో ఏడు మీద మంచు గడ్డ కడుతుంది. 2014 చలికాలంలో ఐదు సరస్సుల్లో నూటికి 92 వంతులు మంచు కప్పింది. సుపీరియర్ సరస్సులో జూన్ నెల వచ్చినా మంచు గడ్డలు తేలుతూనే ఉన్నాయి. మనకు రోహిణి కార్తె నడిచే రోజులవి!

మార్చి, ఏప్రిల్, మే నెలలు అక్కడ వసంతకాలం. ఆ నెలల్లో గాలి ఎక్కువగా పడమటి నుంచి వస్తుంది. చల్లటి సరస్సు మీదుగా వచ్చి, ఒడ్డున ఉన్న తోటలను తాకుతుంది. దూరాన ఉన్న ఊళ్ళలో ఎండ కాస్తున్నా, ఒడ్డున చలిగానే ఉంటుంది. షికాగోలో వాతావరణ వార్తలు చెప్పేటప్పుడు "సరస్సు దగ్గర మాత్రం చలి" అని వేరే చెప్తుంటారు.

ఈ చలే తోటలకు మేలు చేస్తుంది. అదెలా?

మిషిగన్ సరస్సుకు తూర్పు ఒడ్డున మిషిగన్ అనే రాష్ట్రమే ఉంది. ఒడ్డు వెంట చెర్రీ, ఆపిల్, ద్రాక్ష తోటలు ఉన్నాయి. అమెరికాలో పుల్ల చెర్రీ పండ్లు ఎక్కువగా పండేది ఇక్కడే. నూటికి 70 వంతుల పైగా ఇక్కడివే. (మన బేకరీల్లో కేకు మీద చెర్రీ అని ఎర్రగా పెట్టేది చాలాసార్లు పాకంలో వేసిన వాక్కాయ. అది వేరు.)

చెర్రీ చెట్టు చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. మొగ్గ గట్టిగా ముడుచుకుని ఉంటుంది. అప్పుడు ఎంత చలి పెట్టినా చాలావరకు తట్టుకుంటుంది. వెచ్చదనం తగిలితే మొగ్గ మేలుకుంటుంది. ఉబ్బుతుంది. తర్వాత పూత వస్తుంది. మేలుకున్న కొద్దీ చలిని తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. సున్నా డిగ్రీల దగ్గర నీళ్ళు గడ్డకడతాయి. నిండా పూత మీద ఉన్నప్పుడు, సున్నాకు కిందకు ఇంకో 2 డిగ్రీలు దిగి అరగంట ఉంటే, పూలలో నూటికి 10 చచ్చిపోతాయి. మరో 2 డిగ్రీలు దిగితే నూటికి 90 పోతాయి. పైకి పువ్వు తెల్లగా నవ్వుతున్నట్టే ఉంటుంది. విప్పి చూస్తే కాయగా మారే నడిమి భాగం నల్లబడి ఉంటుంది.

సరస్సు చలిగాలి మొగ్గను తొందరగా లేవనివ్వదు. గడ్డకట్టే చలి రాత్రులు చాలావరకు వెళ్ళిపోయాకే పూత వస్తుంది. అందుకే తోటలన్నీ ఒడ్డు వెంటే ఉన్నాయి. పసిబిడ్డను ఇంకాసేపు పడుకోనివ్వమని జోకొట్టినట్టు, సరస్సు ఆ మొగ్గలను జోకొడుతుంది.

2012లో ఆ జోల పని చెయ్యలేదు. ఆ చలికాలం సరస్సుల్లో మంచు సరిగా కట్టలేదు. నూటికి 13 వంతులే కట్టింది. మార్చి నెల సగంలో విపరీతమైన ఎండలు వచ్చాయి. పగలు 5 డిగ్రీలు కూడా సరిగా ఉండని రోజుల్లో 25 డిగ్రీలు దాటింది. అదీ ఒకరోజు కాదు, వరసగా కొన్ని రోజులు. జనం చొక్కా చేతులు మడుచుకుని వీధుల్లో తిరిగారు. చెట్లు మేలుకున్నాయి. మొగ్గలు నెల రోజులు ముందే విచ్చుకున్నాయి.

ఏప్రిల్ లో చలి మళ్ళీ వచ్చింది. ఒక రాత్రి కాదు, ఎన్నో రాత్రులు గడ్డకట్టే చలి పెట్టింది. పుల్ల చెర్రీ పంట నూటికి 90 వంతులు పోయింది. ఆపిల్ పంట కూడా చాలావరకు పోయింది. అప్పట్లో పుల్ల చెర్రీకి ప్రభుత్వ పంట బీమా లేదు. పంట లేకపోతే కోత లేదు. కోత లేకపోతే ఏరేవాళ్ళకూ, పండ్లు శుభ్రం చేసి డబ్బాల్లో నింపేవాళ్ళకూ పని లేదు. నష్టం తోట యజమానితో ఆగదు. ఇది మన కూలీలకు చెప్పాల్సిన సంగతి కాదు.

మరి ముందుగా ఎవరూ చెప్పలేరా? చెప్తారు. ఎంతవరకు చెప్పగలరన్నది తెలుసుకోవాలి.

అమెరికా ప్రభుత్వ వాతావరణ శాఖ ప్రతి నెలా, రాబోయే మూడు నెలలు ఎలా ఉంటాయో అంచనా చెప్తుంది. వాళ్ళ లెక్క ఇలా ఉంటుంది. వెనకటి 30 వసంతాలు తీసుకుంటారు. ఇప్పుడైతే 1991 నుంచి 2020 వరకు. వాటిని చలి తక్కువ, ఎక్కువ చూసి వరసగా పేరుస్తారు. బాగా వెచ్చగా ఉన్నవి 10. మామూలుగా ఉన్నవి 10. చల్లగా ఉన్నవి 10. ఏమీ తెలియనప్పుడు రాబోయే వసంతం ఈ మూడు వాటాల్లో దేనిలోనైనా పడొచ్చు. ఒక్కో వాటాకు నూటికి 33 పాళ్ళు. సముద్రం వేడి, మంచు, గాలులు చూశాక ఒక వాటా వైపు కొంచెం మొగ్గు కనిపిస్తుంది. "వెచ్చగా ఉండే అవకాశం నూటికి 40" అంటారు. పటంలో ఎర్ర రంగు వేస్తారు. ఎర్ర రంగు చూడగానే ఎండలు ఖాయం అనుకుంటారు చాలామంది. కాదు. నూటికి 40 అంటే, అలా కాకపోయే అవకాశం నూటికి 60 మిగిలే ఉంది!

ఇంకో సంగతి. ఆ అంచనా మూడు నెలలకూ కలిపి చెప్పే సగటు. ఒక్క రాత్రి గురించి అది ఏమీ చెప్పదు. 2012నే తీసుకోండి. అలాస్కా, హవాయి వదిలేస్తే, అమెరికా మొత్తం మీద ఆ వసంతం అంత వెచ్చటి వసంతం అప్పటిదాకా లెక్కల్లో లేదు. ఎవరైనా "ఈ ఏడు వసంతం వెచ్చగా ఉంటుంది" అని చెప్పి ఉంటే అది అక్షరాలా నిజమయ్యేది. పంట మాత్రం పోయేదే. మూడు నెలల సగటు వెచ్చగానే ఉంది. పూలను చంపింది కొన్ని రాత్రుల చలి.

మన వాతావరణ శాఖ కూడా ఏటా ఏప్రిల్ లో వానాకాలం అంచనా చెప్తుంది. వానలు మామూలులో నూటికి 96 నుంచి 104 లోపు ఉంటే "సాధారణం" అంటారు. అది దేశమంతటికీ, నాలుగు నెలలకూ కలిపి చెప్పే మాట. మీ మండలంలో విత్తు వేసిన వారం వాన పడుతుందో లేదో అందులో ఉండదు. దానికి ఐదారు రోజుల ముందు చెప్పే కబురు వినాలి. రేడియో, టీవీ, ఫోను, దేనిలోనైనా.

వాళ్ళ అంచనాకూ మన అంచనాకూ చుట్టరికం కూడా ఉంది. పసిఫిక్ మహాసముద్రంలో నీళ్ళు మామూలుకంటే వేడెక్కడాన్ని ఎల్ నినో అంటారు. 2023లో ఎల్ నినో వచ్చింది. ఆ ఏడు మన దేశంలో వానాకాలం వానలు మామూలులో 94 వంతులే పడ్డాయి. ఆ వెంటనే వచ్చిన చలికాలంలో ఆ ఐదు సరస్సుల్లో మంచు చాలా తక్కువగా కట్టింది. అయితే ప్రతి ఎల్ నినోకూ ఇలాగే జరగాలని లేదు.

అందుకని తోటల రైతులు మూడు నెలల అంచనా విని ఊరుకోరు. తోట పెట్టేటప్పుడే జాగ్రత్తపడతారు. చల్లగాలి బరువు. నీళ్ళలాగే పల్లానికి జారుతుంది. అందుకే చెట్లు ఏటవాలు మెరక నేలలో పెడతారు. పూత కాలంలో ప్రతి రాత్రీ వేడి కొలిచే పరికరం చూస్తారు. కొన్ని తోటల్లో ఎత్తయిన స్తంభాల మీద పెద్ద పెద్ద ఫ్యాన్లు ఉంటాయి. గాలి లేని రాత్రి చలి నేలను అంటుకుని ఉంటుంది, పైన గాలి కాస్త వెచ్చగా ఉంటుంది. ఫ్యాను తిరిగి ఆ వెచ్చటి గాలిని కిందికి కలుపుతుంది. ఒకటి రెండు డిగ్రీలు పెరిగినా చాలు. పైన కూడా చలే ఉంటే ఫ్యాను తిప్పినా లాభం లేదు.

కొందరు రాత్రంతా చెట్ల మీద నీళ్ళు చిమ్ముతారు. వినడానికి వింతగా ఉంటుంది. కానీ నీళ్ళు గడ్డకట్టేటప్పుడు కాస్త వేడిని వదులుతాయి. ఆ వేడితో మొగ్గ సున్నా డిగ్రీల దగ్గరే నిలుస్తుంది, ఇంకా కిందికి దిగదు. మధ్యలో నీళ్ళు ఆపకూడదు. ఆపితే అసలుకే మోసం.

మే నెల సగం దాటితే చాలావరకు గండం గడిచినట్టే. పూత రాలి పిందె నిలుస్తుంది. జూలైలో చెర్రీ కోతలు మొదలవుతాయి. 2012 తర్వాత ఏడు, 2013లో, పంట బాగా వచ్చింది.