ఎకరాకు 31 బస్తాలు: గింజ గింజకూ జన్యువు లెక్క

వరి దిగుబడి నాలుగు అంకెల గుణకారం. చదరపు మీటరులో కంకులెన్ని, కంకికి గింజలెన్ని, తాలు పోగా నిండినవి ఎంత శాతం, వెయ్యి గింజల బరువెంత. ఉదాహరణకు 300 కంకులు, కంకికి 120 గింజలు, 80 శాతం నిండినవి, వెయ్యి గింజలకు 20 గ్రాములు అనుకుందాం. చదరపు మీటరుకు 576 గ్రాముల ధాన్యం వస్తుంది. ఎకరాకు సుమారు 2,330 కిలోలు, అంటే 75 కిలోల బస్తాలు 31.

ఇప్పుడు కంకికి గింజలు 10 శాతం పెరిగాయనుకోండి. మిగతావి మారకపోతే 34 బస్తాలు. కానీ ఆ అదనపు గింజలకు పాలు పోసే శక్తి మొక్కకు లేక, నిండినవి 80 నుంచి 73 శాతానికి పడితే మళ్లీ 31 బస్తాలే. వరి పరిశోధన ఏళ్ల తరబడి కుస్తీ పడుతున్నది ఈ చిక్కుతోనే. ఒక అంకెను పెంచే జన్యువు దొరకడం ఒక ఎత్తు, మిగతా మూడూ జారకుండా చూడడం ఇంకో ఎత్తు.

అన్నిటికంటే ముందు కదిలింది ఈ నాలుగింటిలో లేని ఎత్తు. పాత రకాలు మనిషంత పెరిగేవి. యూరియా వేస్తే ఇంకా పెరిగి, కంకి బరువెక్కగానే చేను పడిపోయేది. 1962లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పీటర్ జెన్నింగ్స్ చేసిన 38 సంకరాల్లో ఎనిమిదోది, ఇండోనేషియాకు చెందిన పొడుగు రకం పేటాకూ, తైవాన్ పొట్టి రకం డీ-జియో-వూ-జెన్‌కూ మధ్య. దాని సంతానంలోంచే 1966లో ఐఆర్-8 వచ్చింది. ఎత్తు సుమారు మీటరు. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు 1967లోనే దాన్ని సాగు చేశారు.

ఆ పొట్టితనానికి కారణమేమిటో 2002లో తేలింది. ఒకటో క్రోమోజోము మీది ఎస్‌డీ-1 జన్యువులో 383 డీఎన్ఏ అక్షరాల ముక్క లేదు. కాండాన్ని సాగదీసే జిబ్బరెల్లిన్ హార్మోను తయారీలో ఈ జన్యువుకు భాగముంది. అది దెబ్బతినడంతో కాండం కురచైంది, గింజ మాత్రం చెడలేదు. చేను పడకుండా నిలిచింది, ఎరువు గడ్డిగా కాక గింజగా మారింది. ఆసియా అన్నం కథలో ఇంతకంటే విలువైన లోపం మరొకటి లేదని నా నమ్మకం.

ఇక కంకులు. పిలకలు ఎక్కువైతే కంకులూ ఎక్కువే అనుకుంటాం గానీ, చాలా పిలకలు ఈనకుండానే పోతాయి. 2010లో జపాన్, చైనా శాస్త్రవేత్తలు ఎనిమిదో క్రోమోజోము మీద ఐపీఏ-1 అనే జన్యువును గుర్తించారు. అందులో ఒకే ఒక్క అక్షరం మారితే పిలకలు తగ్గుతాయి, కాండం లావవుతుంది, కంకి కొమ్మలు ఎక్కువ వేస్తుంది. మొదటి అంకెను కొంత వదులుకొని రెండోదాన్ని బాగా పెంచే బేరమిది. చైనా పొలం పరీక్షల్లో దిగుబడి 10 శాతం పైగా పెరిగింది.

గింజ బరువు పెంచే జన్యువులూ తెలుసు. 2007లో వెల్లడైన జీడబ్ల్యూ-2లో ఒక్క అక్షరం ఎగిరిపోతే గింజ వెడల్పవుతుంది. కానీ అది తెలుగు నేలలో పనికొచ్చే దారి కాదు. ఇక్కడ ధర పలికేది సన్నాలకు. సాంబ మసూరి వెయ్యి గింజలు 15 గ్రాముల లోపే తూగుతాయి. దాన్ని లావు చేస్తే అది సాంబ మసూరే కాదు. కాబట్టి మనకు మిగిలింది గింజల సంఖ్య.

ఆ సంఖ్యను నడిపే జన్యువు 2005లోనే జపాన్‌లో బయటపడింది. పేరు జీఎన్-1ఏ. ఇది తయారుచేసే ఎంజైము, కంకి మొగ్గలో కణ విభజనను పెంచే సైటోకైనిన్‌ను విరిచేస్తుంది. ఎంజైము బలహీనపడితే హార్మోను నిలిచి, కంకి ఎక్కువ గింజలు కడుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ బాపట్ల రకమైన సాంబ మసూరిలో (బీపీటీ 5204) సరిగ్గా ఈ జన్యువునే సవరించింది. అలా వచ్చిన డీఆర్ఆర్ ధన్ 100ను, అంటే కమలను, 2025 మేలో కేంద్ర వ్యవసాయ మంత్రి విడుదల చేశారు.

సంస్థ చెప్పిన సగటు హెక్టారుకు 5.37 టన్నులు, సాంబ మసూరికి 4.5 టన్నులు. తేడా 19 శాతం, ఎకరాకు దాదాపు 350 కిలోలు, అంటే నాలుగున్నర బస్తాల పైమాట. పంట 20 రోజుల ముందే కోతకొస్తుందన్నారు. గట్టు మీద నిలబడే రైతుకు ఈ 20 రోజులు బస్తాలతో సమానం, కొన్ని తడులు మిగులుతాయి. పరీక్షల గణాంకాలను ప్రశ్నించిన సంఘాలూ ఉన్నాయి. ఆ ప్రశ్నలకు జవాబు కృష్ణా, గోదావరి, నిజామాబాద్ చేలలో తూకం వేసి చెప్పాలి.

కొత్త విత్తనం గురించి ఎవరైనా ఎకరాకు ఇన్ని బస్తాలని చెబితే ఆగి నాలుగు అంకెలూ అడగండి. ముఖ్యంగా మూడోది, తాలు ఎంత పోతుందని.