బ్లాక్ స్క్రీన్ వస్తే ఫార్మాట్ చేసేయకండి: లినక్స్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ గోల

ఈ ఎపిసోడ్‌ని మీలో చాలామంది ఫోన్‌లోనే చూస్తుంటారు. అదీ మంచిదే. కంప్యూటర్ స్క్రీన్ నల్లగా అయిపోయినప్పుడు చేతిలో మిగిలేది ఆ ఫోనే కదా!

ముందు నా తప్పు చెప్తా. బీటెక్ థర్డ్ ఇయర్‌లో ఒక రాత్రి ఉబుంటు అప్‌డేట్ కొట్టి పడుకున్నా. పొద్దున ఆన్ చేస్తే నల్ల స్క్రీన్. అరగంట అటూ ఇటూ నొక్కి, విసుగొచ్చి ఫార్మాట్ చేసేశా. మినీ ప్రాజెక్ట్ కోడ్ మొత్తం పోయింది. బ్యాకప్ లేదు. సాయంత్రం ఒక సీనియర్ అడిగాడు, "పాత కెర్నల్‌తో బూట్ చేసి చూశావా?" అని. అలాంటిది ఒకటుందని కూడా నాకు అప్పటికి తెలీదు.

గత నెల మా పిన్ని కూతురు గుంటూరు నుంచి రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. "అన్నయ్యా, స్క్రీన్ రావట్లేదు, రేపు పదింటికి ప్రాజెక్ట్ రివ్యూ. ఫార్మాట్ చేసెయ్యనా?" అని ఏడుపు గొంతుతో. "ఏమీ ముట్టుకోకు, ముందు కుర్చీలో కూర్చో" అన్నాను.

అసలు విషయం అర్థం చేసుకోండి. స్క్రీన్ నల్లగా ఉందంటే సిస్టమ్ చచ్చిపోయిందని కాదు. చాలాసార్లు లోపల అంతా నడుస్తూనే ఉంటుంది, బొమ్మ చూపించే డ్రైవర్ ఒక్కటే లోడ్ అయి ఉండదు. మీ ఫైళ్లు ఎక్కడికీ పోవు.

ఇంటెల్, ఏఎమ్‌డీ గ్రాఫిక్స్‌కి కావాల్సిన డ్రైవర్ లినక్స్ కెర్నల్‌లోనే ఉంటుంది. దానిపైన మెసా అనే లైబ్రరీ పనిచేస్తుంది. మనం విడిగా ఇన్‌స్టాల్ చేసేది మామూలుగా ఏమీ ఉండదు. ఎన్‌విడియా కథ వేరు. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో లైనస్ టోర్వాల్డ్స్ కెమెరా వైపు తిరిగి ఆ కంపెనీకి వేలు చూపించిన వీడియో చూసే ఉంటారు. 2022లో ఆ కంపెనీ తన కెర్నల్ మాడ్యూల్ కోడ్‌ని ఓపెన్ చేసింది. అయినా ఆ డ్రైవర్ ఇప్పటికీ కెర్నల్ బయటే ఉంటుంది. అంటే కొత్త కెర్నల్ వచ్చిన ప్రతిసారీ దానికి సరిపోయే మాడ్యూల్ ఉండాలి. చాలా సిస్టమ్స్‌లో ఆ మాడ్యూల్‌ని మళ్లీ తయారుచేసేది డీకేఎమ్ఎస్ అనే టూల్. దానికి ఆ కెర్నల్ హెడర్స్ కావాలి. అవి లేకపోతే మాడ్యూల్ తయారు కాదు, స్క్రీన్ నలుపు. నాకు ఆ రోజు జరిగింది ఇదే.

సరే, వరసగా ఏం చేయాలో చూద్దాం. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఒకటి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. అక్షరాలతో లాగిన్ అడిగితే సిస్టమ్ బతికే ఉన్నట్టు.

రెండు. అదీ రాకపోతే రీస్టార్ట్ చేసి గ్రబ్ మెనూ తెప్పించండి. ఉబుంటులో బూట్ అయ్యేటప్పుడు ఎస్కేప్ గానీ షిఫ్ట్ గానీ నొక్కితే వస్తుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్ ఎంచుకోండి. దాంతో స్క్రీన్ వచ్చిందంటే గొడవ కొత్త కెర్నల్‌కీ డ్రైవర్‌కీ మధ్యే. హెడర్స్ ఇన్‌స్టాల్ చేసి, డ్రైవర్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.

మూడు. పాత కెర్నల్‌తోనూ రాలేదా? గ్రబ్‌లో ఈ అనే అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైన్ చివర ఒక స్పేస్ ఇచ్చి నోమోడ్‌సెట్ అని టైప్ చేసి, ఎఫ్10 నొక్కండి. బొమ్మ మొరటుగా ఉంటుంది, కానీ స్క్రీన్ వచ్చే అవకాశం ఎక్కువ. ఇది కట్టు లాంటిది, మందు కాదు. ఆ ఒక్క బూట్‌కే పనిచేస్తుంది. ముందు మీ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

నాలుగు. ఇప్పుడు కారణం వెతకండి. టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ, స్పేస్, హైఫన్, కె. అన్నీ స్మాల్ లెటర్సే. మీ గ్రాఫిక్స్ కార్డ్ కింద 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' అనే లైన్ ఉందా? లేకపోతే డ్రైవర్ లోడ్ కాలేదన్నమాట.

మా చెల్లికి పాత కెర్నల్‌తోనూ రాలేదు. ఆ లైన్ కూడా లేదు. సుడో, మోడ్‌ప్రోబ్, ఎన్‌విడియా అని కొట్టమన్నా. 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అని వచ్చింది. అప్పుడు అడిగా, "డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేశాక నీలం స్క్రీన్ ఏదైనా వచ్చిందా?" "వచ్చింది అన్నయ్యా, కంటిన్యూ బూట్ కొట్టేశా!"

దొరికింది దొంగ. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, నమ్మకమైన సంతకం లేని మాడ్యూల్‌ని కెర్నల్ లోపలికి రానివ్వదు. మన సిస్టమ్‌లో తయారైన మాడ్యూల్‌కి సంతకం పెట్టే తాళంచెవిని మనమే రిజిస్టర్ చేయాలి. ఆ నీలం స్క్రీన్ వచ్చేది అందుకే. దాటేస్తే మళ్లీ తనంతట తాను రాదు.

ఉబుంటులో దాన్ని మళ్లీ తెప్పించే కమాండ్: సుడో, స్పేస్, అప్‌డేట్ హైఫన్ సెక్యూర్‌బూట్ హైఫన్ పాలసీ, స్పేస్, రెండు హైఫన్లు, ఎన్‌రోల్ హైఫన్ కీ. ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, కాగితం మీద రాసుకోండి. రీస్టార్ట్ కాగానే నీలం స్క్రీన్‌లో కొద్ది సెకన్లలోపే ఏదో ఒక కీ నొక్కాలి. తర్వాత ఎన్‌రోల్ మోక్, కంటిన్యూ, యెస్, పాస్‌వర్డ్, రీబూట్. అంతే.

బయాస్‌లో సెక్యూర్ బూట్ ఆపేసినా పని జరుగుతుంది. కానీ పక్కన విండోస్ ఉండి, బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ అడగొచ్చు. అది దగ్గర లేకుండా ఆ పని చేయకండి.

పన్నెండున్నరకి తన లాగిన్ స్క్రీన్ వచ్చింది. "అన్నయ్యా, వచ్చేసింది!" అని అరిచిన అరుపుకి పిన్ని నిద్ర లేచింది. పొద్దున రివ్యూ కూడా అయిపోయింది.

నాకూ తనకీ వచ్చింది అదే నల్ల స్క్రీన్. కారణాలు మాత్రం వేరు. ఫార్మాట్ చేస్తే అసలు కారణం తెలీదు, కోడ్ మాత్రం పోతుంది. అందుకే ముందు ఎర్రర్ చదవండి, తర్వాతే చెయ్యి పెట్టండి. ఇంకోటి, ఈ వీడియో అయిపోగానే మీ ప్రాజెక్ట్ ఒక కాపీ వేరేచోట పెట్టుకోండి. నాలాగా పోగొట్టుకున్నాక కాదు, ఇవాళే. మళ్లీ కలుద్దాం, బై!