కాపుదల బ్యాటరీల పరీక్ష

ఇంటిలో కరెంటు పోయినచో దీపము వెలిగించుకొని కొంతసేపు ఓపిక పట్టవచ్చును. బ్యాంకుల ఖాతాలు, రైలు టిక్కెట్లు, ఆసుపత్రుల రికార్డులు భద్రపరచు డేటా కేంద్రములో ఆ వీలు లేదు. సెకనులో కొద్ది భాగము విద్యుత్తు అందకపోయినను అచ్చటి కంప్యూటర్లు ఆగిపోవును. డీజిలు జనరేటరు కదలి భారము వహించుటకు కొన్ని సెకనులు పట్టును. ఆ నడిమి కాలమును దాటించునవి బ్యాటరీలు. ఇవి నెలల తరబడి ఊరక నిలిచియుండి, అవసరమైన క్షణమున తప్పక పనిచేయవలెను. పనిలేక ఉన్న బ్యాటరీ బాగున్నదని తెలిసికొనుట ఎట్లు?

ఇట్టి కేంద్రములలో చిరకాలముగా వాడుకలో ఉన్నది సీసపు బ్యాటరీ. దీనిని 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే నిర్మించెను. గంధకామ్లములో ఒక సీసపు పలక, ఒక సీసపు డయాక్సైడు పలక ఉండును. విద్యుత్తు నిచ్చునపుడు రెండు పలకలపైనను సీసపు సల్ఫేటు ఏర్పడును. చార్జి చేసినపుడు అది తిరిగి విడిపోవును. ఒక్కొక్క ఘటము సుమారు 2 వోల్టుల నిచ్చును. ఆరు ఘటములు చేరిన 12 వోల్టుల బ్యాటరీ యగును. అట్టివానిని 40 వరకు వరుసగా కలిపి డేటా కేంద్రములలో వాడుదురు. త్రాడు ఎంత పొడవైనను పేలికయైన చోటనే తెగును. అట్లే వరుసలో ఒక్క ఘటము తెగినను మొత్తము వరుస పనికిరాదు.

వోల్టుమీటరు పెట్టి చూచిన చాలదా యని విద్యార్థులు అడుగవచ్చును. చాలదు. ఒక ఉదాహరణ చూడుడు. 12 వోల్టుల బ్యాటరీలు రెండున్నవి. ఒకదాని అంతర్నిరోధము 0.004 ఓములు, రెండవదానిది 0.02 ఓములు. ప్రవాహము లేనపుడు రెండును 12 వోల్టులే చూపును. 100 ఆంపియర్లు తీసికొనినచో, ఓము సూత్రము ననుసరించి మొదటిదానిలో 0.4 వోల్టు, రెండవదానిలో 2 వోల్టులు లోపలనే నష్టమగును. మొదటిది 11.6 వోల్టులు నిలుపగా రెండవది 10కి పడిపోవును. పలకలు తుప్పుపట్టినను, ద్రవము ఎండినను, బిగింపులు వదులైనను నిరోధము పెరుగును. అందుచే ఒక్కొక్క బ్యాటరీ నిరోధమును క్రమముగా కొలిచి, క్రొత్తలో వ్రాసికొనిన అంకెతో పోల్చుదురు.

అన్నిటికంటె నమ్మదగినది భారపరీక్ష. నిర్ణీత ప్రవాహము తీసికొనుచు ఎంతసేపు నిలుచునో చూచెదరు. శక్తి మొదటిదానిలో 80 శాతమునకు దిగినచో బ్యాటరీని మార్చుట ఆచారము.

బ్యాటరీకి గొప్ప శత్రువు వేడిమి. సుమారు 25 డిగ్రీలు దానికి అనుకూలము. ఆపై ప్రతి 8–10 డిగ్రీలకు సీసపు బ్యాటరీ ఆయువు దాదాపు సగమగును. చార్జి విషయమునను జాగ్రత్త వలయును. తక్కువైనచో సల్ఫేటు గట్టిపడును. ఎక్కువైనచో నీరు విడిపోయి ఉదజని వెలువడును. గాలిలో ఉదజని 4 శాతము చేరినచో నిప్పురవ్వ తగిలిన ప్రేలును. కనుక బ్యాటరీ గదికి గాలి రాకపోకలు తప్పనిసరి.

నేడు లిథియం అయాన్ బ్యాటరీలు కూడ వచ్చినవి. ఇవి తేలిక, చిరాయువులు. కాని లోపల ఒక ఘటము మితిమీరి వేడెక్కినచో ఆ వేడిమి ప్రక్కఘటములకు ప్రాకి ఆరని మంట యగును. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ ప్రభుత్వ డేటా కేంద్రములో, పదేండ్లు దాటిన ఇట్టి బ్యాటరీలను వేరొకచోటికి మార్చు పనిలో మంటలు లేచెను. 709 ప్రభుత్వ వ్యవస్థలు నిలిచిపోయెను. వేరొక ప్రతి లేని ఉద్యోగుల ఫైళ్ళ భాండారము కాలిపోయెను. కాపాడుటకు ఉంచిన వస్తువే కీడు తెచ్చినది.

కొలత, లెక్క, సకాలమున మార్పు, మార్చునపుడు మెలకువ: ఈ నాలుగును కలిసిననే కాపుదల. ఇల్లు కాలునపుడు బావి త్రవ్వుట వృథా. ఇంటి ఇన్వర్టరు బ్యాటరీకిని ఇదే సూత్రము వర్తించును. నీరు పోయవలసిన రకమైనచో స్వేదనజలమునే పోయవలెను. కుళాయినీటిలోని లవణములు పలకలను చెరచును. పోసిన తేదీని బ్యాటరీపై వ్రాసియుంచుట మంచి అలవాటు.