కొండ రంగుల సంచి

బ్రిటన్‌లో ఉత్తరాన స్కాట్లాండ్ ఉంది. దాని పడమటి సముద్రంలో కొన్ని దీవులున్నాయి. వాటిని అవుటర్ హెబ్రిడీస్ అంటారు. అందులో హారిస్ అనే ప్రాంతం ఉంది. అక్కడ ఎక్కడ చూసినా రాతికొండలే. చలి ఎక్కువ. గాలి ఎక్కువ. వాన తరచుగా పడుతుంది. పంటలు అంతంతమాత్రం. అందుకే అక్కడివాళ్ళు గొర్రెల్ని పెంచారు. ఉన్ని వడికారు. బట్ట నేశారు. ఆ బట్టే హారిస్ ట్వీడ్. దానితో కోట్లు కుడతారు. చేతిసంచులూ కుడతారు.

రంగులు ఎక్కడివి?

మన గొంగడి లాగే ట్వీడ్ కూడా ఉన్ని బట్టే. గొంగడికి చాలావరకు గొర్రె రంగే ఉంటుంది. ట్వీడ్‌కు మాత్రం రంగులు వేస్తారు. దారం తీశాక కాదు, ముందే ఉన్నికి రంగు వేస్తారు. తర్వాత నాలుగైదు రంగుల ఉన్నిని కలిపి దువ్వుతారు. అప్పుడు వడుకుతారు. అందుకే దూరం నుంచి చూస్తే సంచి ఆకుపచ్చగా కనిపిస్తుంది. దగ్గరకొచ్చి చూస్తే అదే దారంలో పసుపు, నీలం, ఎరుపు పోగులుంటాయి.

ఆ రంగులు అక్కడి కొండలవే. రాళ్ళ బూడిదరంగు ఉంటుంది. హెదర్ పొదల పూల ఊదారంగు ఉంటుంది. సముద్రపు నీలం ఉంటుంది. పూర్వం రాళ్ళమీద పొరలా పెరిగే ఒక రకం నాచును గీకి, ఉన్నితో కలిపి ఉడకబెట్టేవారు. ఇటుకరంగు వచ్చేది. ఇప్పుడు మిల్లుల్లో రంగులు వేస్తున్నారు.

కరువులో దారి

1846లో అక్కడి బంగాళదుంప పంటకు తెగులు తగిలింది. జనానికి తిండి కరువైంది. ఆ రోజుల్లో హారిస్ భూములు డన్మోర్ అనే జమీందారీ కుటుంబానివి. ఆ ఇంటి దొరసాని ఊరి ఆడవాళ్ళు నేసిన బట్టను తన ధనిక స్నేహితులకు చూపించింది. వాళ్ళు కొన్నారు. బట్టకు పేరొచ్చింది.

పేరుతోపాటే మోసమూ వచ్చింది. వేరేచోట చేసిన బట్టను కూడా హారిస్ ట్వీడ్ అని అమ్మసాగారు. ఇలాగైతే దీవుల నేతగాళ్ళ బతుకేం కావాలి? అందుకే 1909లో ఒక సంఘం ఏర్పడింది. అసలు బట్టకు గుర్తుగా ఒక ముద్రను ఎంచుకుంది. గోళం మీద సిలువ, అదీ ఆ ముద్ర. 1911 నుంచి దాన్ని బట్ట మీద వేస్తున్నారు.

చట్టం ఏమంటుంది?

1993లో బ్రిటన్ పార్లమెంటు దీనికోసమే ఒక చట్టం చేసింది. ఉన్ని మొదటిసారి వాడేదై ఉండాలి. రంగు వేయడం, వడకడం ఆ దీవుల్లోనే జరగాలి. దీవుల మనుషులు తమ ఇళ్ళ దగ్గరే నేయాలి. కడగడం, బాగుచేయడం కూడా అక్కడే. అప్పుడే అది హారిస్ ట్వీడ్.

మిల్లువాళ్ళు పడుగు, పేక నేతగాళ్ళ ఇంటికి పంపుతారు. ఇంటి పక్కన షెడ్డులో మగ్గం ఉంటుంది. కాళ్ళతో తొక్కుతుంటే అది నడుస్తుంది. కరెంటు అక్కరలేదు. నేసిన బట్ట మళ్ళీ మిల్లుకు వెళుతుంది. తనిఖీ అయ్యాకే దాని వెనకవైపు ముద్ర పడుతుంది.

సంచి కొనేవాళ్ళు

సంచి కుట్టేవాళ్ళు ఆ బట్టను కొని కత్తిరిస్తారు. లోపల పల్చటి గుడ్డ వేస్తారు. తోలు పిడి తగిలిస్తారు. లోపల గోళం గుర్తున్న చీటీ కుడతారు. ఈ చీటీ బట్టకు హామీ, కుట్టుకు కాదు. సంచిని ఎక్కడైనా కుట్టవచ్చు. బట్ట మాత్రం ఆ దీవులదే కావాలి.

చీటీ చదివినవాళ్ళు మోసపోరు. చదివి కొంటే నేసినవాళ్ళకు కూలి దక్కుతుంది.

ఆలోచించండి

1. దారం తీయకముందే ఉన్నికి రంగు వేస్తే లాభమేమిటి?
2. మీ ఊళ్ళో చేతితో చేసే వస్తువులేమిటి? వాటికి గుర్తు ఉందా?