పై ఫ్లోర్ చలికి కారణం ఆకాశం

దిల్‌సుఖ్‌నగర్‌లో నాలుగంతస్తుల పాత అపార్ట్‌మెంటు, పై ఫ్లోర్. డిసెంబరు తెల్లవారుజామున కిటికీలన్నీ మూసి, థర్మామీటరు 20 డిగ్రీలు చూపిస్తున్నా వణుకే. కింది ఫ్లోర్ వాళ్లకు ఆ బాధ లేదు. ఫాల్స్ సీలింగ్ వేయిస్తే తగ్గుతుందన్న ఇంటీరియర్ డిజైనర్ మాట నమ్మొచ్చా అని ఓ పాఠకురాలు అడిగారు.

నమ్మొచ్చు. హైదరాబాద్ చలి మరీ పెద్దదేం కాదు. 1946 జనవరి 8న నమోదైన 6.1 డిగ్రీలే ఇక్కడి రికార్డు. అయితే థర్మామీటరు చెప్పేది గాలి సంగతి. కదలకుండా కూర్చున్న మనిషి ఒంటి నుంచి గాలికి పోయే వేడికన్నా చుట్టూ ఉన్న గోడలకు, కప్పుకు వికిరణంగా పోయేది తరచు ఎక్కువ. కప్పు చల్లబడితే గాలి వెచ్చగా ఉన్నా వణుకు తప్పదు.

మరి కప్పును చల్లబరిచేదెవరు? ఆకాశం! స్లాబు వేడి ఎక్కువగా 10 మైక్రాన్ల చుట్టుపక్కల పరారుణ కిరణాలుగా వెలువడుతుంది. గాలిలోని నీటి ఆవిరి చాలా కిరణాలను పట్టేస్తుంది గానీ, 8 నుంచి 13 మైక్రాన్ల మధ్య వాతావరణానికి ఒక కిటికీ ఉంది. మన చలికాలపు పొడి రాత్రుల్లో అది బార్లా తెరుచుకుంటుంది. స్లాబు తన వేడిని నేరుగా అంతరిక్షంలోకి పంపేసి, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. మబ్బు పట్టిన రాత్రి ఈ బాధ ఉండదు.

ఈ సంగతి తేలడానికి చాలాకాలం పట్టింది. మంచు ఆకాశం నుంచి రాలుతుందని, ఆ మంచే చలి తెస్తుందని పండితులు సైతం చాలాకాలం నమ్మారు. లండన్ వైద్యుడు విలియం చార్లెస్ వెల్స్ రాత్రుళ్లు తోటల్లో థర్మామీటర్లు పరిచి, 1814లో ఆ నమ్మకాన్ని తలకిందులు చేశాడు: ముందు గడ్డి చల్లబడుతుంది, మంచు ఆ తర్వాతే పడుతుంది. అంతకుముందు 1775లో రాబర్ట్ బార్కర్, ఉత్తర భారతంలో గుంటల్లో ఎండు కాడలు పరిచి, వాటిమీద మట్టి మూకుళ్లలో నీళ్లుంచి ఐసు తయారుచేసే పద్ధతిని రాశాడు. అదంతా నీరు ఆవిరవడం వల్లేనని చాలామంది అనుకున్నారు. అసలు పని వికిరణానిదని వెల్స్ తేల్చాడు. గాలి సున్నాకు పైనున్నా నీళ్లు గడ్డకట్టడం! ఇంతకన్నా అందమైన ప్రయోగం నాకు తెలియదు.

2023లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం చూసి, ఎండను తిప్పికొట్టేలా స్లాబుకు తెల్ల రంగు వేస్తే చలికాలంలో ఇల్లు ఇంకా చల్లబడుతుందని కొందరి భయం. పగటి ఎండ కొంత పోతుంది, నిజమే. రాత్రి పరారుణంలో మాత్రం తెల్ల రంగు, నల్ల రంగు ఇంచుమించు సమానంగానే వెలువరిస్తాయి.

ఇక ఉపాయాలంటారా, సరే. జిప్సం సీలింగుకూ స్లాబుకూ మధ్య గాలి పొర ఉంటే మనకు ఎదురయ్యే తలం గది గాలికి దగ్గరి ఉష్ణోగ్రతలో నిలుస్తుంది. ఆ సందులో మెరిసే అల్యూమినియం రేకు పరిస్తే మరీ మేలు. కిటికీకి మందపాటి పరదా, గ్రానైట్ నేలమీద వరంగల్ జంపఖానా కూడా పనికొస్తాయి. మనవాళ్లేమో లైట్ల సోకు కోసం సీలింగును హాల్లో మాత్రమే వేయించి, పడుకునే గదికి ఖర్చెందుకని మానేస్తారు. అసలు మందు, అంటే వేడిని ఆపే పొర, స్లాబు పైనే వేయాలి. కానీ టెర్రస్ అందరిదీ, చలి పై ఫ్లోర్ వాళ్లది. అసోసియేషన్ మీటింగులో ఈ ఖర్చుకు కింది ఫ్లోర్ల వాళ్లను ఒప్పించే సూత్రమేదీ భౌతికశాస్త్రంలో లేదు.