పరదేశమున స్థిరనివాసము: స్త్రీ లెఱుగవలసిన సంగతులు

పుట్టినింటిని విడిచి మెట్టినింటి కేగుట మన స్త్రీలకు క్రొత్తగాదు. పూర్వము మెట్టినిల్లు పొరుగూరనో, పొరుగు తాలూకాలోనో యుండెడిది. నేడది సముద్రముల కావల నున్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకును తార్నాకకును చేరువనున్న మా వారాసిగూడలో, జర్మనీ దేశమున బిడ్డలు గల గృహములు నే నెఱిగినవే పెక్కులు. అందు కొందఱాడుబిడ్డలు తమ యుద్యోగమునకై వెళ్లిరి. మఱికొందఱు భర్తల వెంట వెళ్లిరి. ఈ రెండవ తెగవారిని గూర్చియే ముఖ్యముగ వ్రాయదలచితిని.

మొన్న నొక తల్లి నన్నిట్లడిగినది: "వదినా, మా అల్లునికి అక్కడ పర్మనెంటు వచ్చిందంట. ఇంక మా పిల్లకు రంది లేదు గదా?" ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు ఆ యనుమతి యెట్టిదో తెలియవలెను.

జర్మనీలో పరదేశీయులకు మొదట లభించునది గడువుగల నివాసానుమతి. ఉన్నతవిద్య గల యుద్యోగులకు 2012వ సంవత్సరము నుండి బ్లూకార్డు అనునది యిచ్చుచున్నారు. అది యుద్యోగమును, జీతమును ఆశ్రయించియుండును. ఉద్యోగము పోయినచో మఱియొకటి వెదకుకొనుటకు కొలది మాసములే వ్యవధి. శాశ్వతనివాసానుమతి యన్ననో గడువులేనిది. దానిని పొందినవారు ఏ యుద్యోగమైనను చేసికొనవచ్చును. అయినను నది పౌరసత్వము గాదు. భారతదేశపు పాసుపోర్టు చేత నుండగనే దానిని పొందవచ్చును. అచ్చటి పార్లమెంటు ఎన్నికలలో ఓటు మాత్ర ముండదు. 2024 జూను నుండి జర్మనీవారు రెండు పౌరసత్వముల నంగీకరించుచున్నను, మన 1955వ సంవత్సరపు పౌరసత్వచట్టము అంగీకరింపదు. కావున స్వదేశపు పౌరులుగనే యుండగోరువారికి శాశ్వతనివాసము మధ్యేమార్గమైనది.

దీనికి సాధారణముగ 5 సంవత్సరముల నివాసము, 60 మాసములు పింఛనునిధికి చెల్లించిన చందా, కుటుంబపోషణకు చాలిన రాబడి, కాపురమునకు చాలిన యిల్లు, జర్మను భాషలో బి1 తరగతి పరిజ్ఞానము ఉండవలెను. ఆ దేశపు చట్టములను, సమాజమును గూర్చి పరీక్ష యొకటి కలదు. 33 ప్రశ్నలలో 15టికి సరిగా సమాధానము చెప్పిన చాలును. బ్లూకార్డు గల యుద్యోగులకు మార్గము మఱింత సులభము. పని చేయుచు చందా చెల్లించుచు 27 మాసములు గడపి, భాషలో మొదటి మెట్టగు ఏ1 తెలిసిన చాలును. బి1 వఱకు నేర్చిన 21 మాసములకే అనుమతి దొరకును.

మనవారు పొరబడునది యిచ్చటనే. భర్తకు వచ్చిన శాశ్వతానుమతి భార్యకు దానంతటది రాదు. ఆమె దరఖాస్తు వేఱు, ఆమె కార్డు వేఱు. దంపతులు కలసి కాపురము చేయుచున్నచో పింఛనుచందా యొకరు చెల్లించిన చాలునుగాని, భాష మాత్ర మెవరికి వారే నేర్వవలెను. భర్తకు ఉద్యోగిగా శాశ్వతానుమతి వచ్చియుండి, భార్య 3 సంవత్సరములుగ నివాసానుమతి కలిగి, వారమునకు 20 గంటలకు తక్కువగాక పనిచేయుచు, భాషను, పరీక్షను ముగించినచో ఆమె కైదేండ్లు వేచియుండ నక్కఱలేదు.

ఇంకొక చిక్కు కలదు. బ్లూకార్డు గల భర్త వెంట వెళ్లు భార్యకు ప్రయాణమునకు ముందు భాషాపరీక్ష విధింపరు. ఈ మినహాయింపు వరమువలె తోచును. వెళ్లిన పిమ్మట వంటయింటను, బిడ్డ పెంపకమునను రెండేండ్లు గడచిపోవును. అప్పటికి భర్త స్థిరపడియుండును. భార్య అంగడిలో రొట్టె కొనుటకును తడబడుచుండును. ఆమెకు పనిచేయు హక్కు మొదటి దినము నుండియు నున్నను, భాష లేనిదే ఆ హక్కు పెట్టెలో పట్టుచీరవలె పడియుండును.

ఒకరికి వచ్చిన నిద్దఱికిని వచ్చినట్లే గదా యని కొంద ఱనవచ్చును. కాపురము చక్కగా సాగునన్నాళ్లు అట్లే తోచును. కాని శాశ్వతానుమతి రాకమునుపు భార్య నివాసహక్కు కాపురమును ఆశ్రయించియుండును. ఆ దేశమున 3 సంవత్సరములు కలసి కాపురము చేసిన పిమ్మట విడిపోయినచో, ఆమెకు స్వతంత్రముగ ఒక సంవత్సరపు అనుమతి లభించును. దానిని పిమ్మట పొడిగించుకొనవచ్చును. భర్త మరణించినను, భార్య యింటిలో హింసకు గురియైనను, ఈ మూడేండ్ల నియమము నుండి చట్టము మినహాయింపు నిచ్చుచున్నది. "నన్ను విడిచితివా, నిన్ను దేశము నుండి పంపివేయుదురు" అను బెదిరింపునకు వెఱచి దెబ్బలు తినుచు పడియుండ నక్కఱలేదని ప్రతి తల్లియు కూతునకు చెప్పి పంపవలెను.

ప్రసవమునకో, తల్లికి జబ్బుచేసినప్పుడో పుట్టినింటికి వచ్చువారు దినములు లెక్కించుకొనవలెను. 6 మాసములకు మించి జర్మనీ వెలుపల నున్నచో, శాశ్వతమను పేరు గల యనుమతియు సాధారణముగ రద్దగును. బ్లూకార్డు గలవారికిని, ఆ కార్డును బట్టి కుటుంబానుమతి పొందినవారికిని 12 మాసముల వ్యవధి కలదు. ఎక్కువకాల ముండవలసివచ్చినచో బయలుదేరక మునుపే అచ్చటి విదేశీయుల కార్యాలయమువారి సమ్మతి పొందవలెను. అచ్చట పుట్టిన బిడ్డ సంగతియు తెలిసికొనదగినది. తల్లిదండ్రులలో ఒకరు 5 సంవత్సరములుగ చట్టబద్ధముగ నివసించుచు శాశ్వతనివాసహక్కు కలిగియున్నచో, బిడ్డ పుట్టుకతోనే జర్మను పౌరుడగును. 2024 జూనునకు పూర్వ మీ గడువు 8 సంవత్సరములు.

కాగితముల విషయమున అశ్రద్ధ తగదు. ఉంగరము జాఱవిడిచిన శకుంతల నిండుసభలో ఎట్టి నిరాకరణమునకు గురియైనదో మన మెఱుగుదుము. ఆమె మాట సత్యమే. చూపుటకు గుఱుతు మాత్రము లేకపోయెను. పాసుపోర్టు, నివాసపుకార్డు, వివాహము రిజిస్టరైన పత్రము, విద్యాపట్టములు స్త్రీ తన చేతనే యుంచుకొనవలెను. నకళ్లు పుట్టినింటను నుండుట మేలు.

ఇక భాషను నేర్చుటకు దూరము పోనక్కఱలేదు. మా తార్నాకలోని ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయమున జర్మను భాష బోధింపబడుచున్నది. 1958లో ఆంగ్లభాషకై స్థాపింపబడిన యా సంస్థ 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది. జర్మనీకి వెళ్లినవారికి అచ్చటి ప్రభుత్వమువారి సమైక్యతా తరగతులు కలవు. అందు సాధారణముగ 600 గంటలు భాషకును, 100 గంటలు దేశపరిచయమునకును కేటాయింతురు. ఇచ్చటనే మొదటి మెట్టెక్కినవారికి తక్కినవి తేలికయగును.

వివాహము నిశ్చయమైన నాటినుండి ప్రయాణపు నాటివఱకు పెక్కిండ్లలో మాసములు గడచుచున్నవి. ఆ మాసములు చీరలు, నగలు, పచ్చళ్లు సమకూర్చుటలోనే చెల్లిపోవుచున్నవి. అవియు నుండవలసినవే. కూతునకు బంగారము పెట్టు తల్లిదండ్రులు సారెతోపాటు జర్మను చదువును గూడ నిచ్చి పంపుదురుగాక.