వీధి గోడకు రంగులు

వీధిలోని గోడ ఎవరిది? ఇంటి యజమానిది అందుము. కాని యజమాని గోడకు లోపలి వైపున నివసించును. దాని వెలుపలి ముఖమును నిత్యము చూచువారు ఎదురింటివారును, దారిని పోవువారును. ఈ సంగతిని గుర్తించి ఒక మహానగరము తన వీధుల రూపమును ఎట్లు మార్చుకొన్నదో తెలిసికొందము.

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున 1980 దశకము నాటికి ఎక్కడ చూచినను గోడలు రంగు చిమ్మి వ్రాసిన పిచ్చివ్రాతలతో నిండియుండెను. వానిని అరికట్టుటకు 1984లో మేయరు విల్సన్ గూడ్ ఒక కార్యక్రమమును ప్రారంభించెను. అందు చేరిన చిత్రకారిణి జేన్ గోల్డెన్, ఆ వ్రాతలు వ్రాయు యువకులనే పిలిచి, వారి చేతికి కుంచె నిచ్చి, గోడలపై బొమ్మలు వేయించెను. అప్పటినుండి ఆ నగరమున 4,000కు పైగా కుడ్యచిత్రములు వెలసినవి.

వీనిని వేయు పద్ధతి గమనింపదగినది. మొదట పేటవారిని సమావేశపరచి, ఏమి చిత్రింపవలెనో వారినే అడుగుదురు. చిత్రకారుడు నమూనా గీసిన పిమ్మట దానిని గళ్లుగా విభజింతురు. ఒక్కొక్క గడిని సుమారు 5 అడుగుల చదరముగల పలుచని గుడ్డపై పెద్దదిగా గీసి, ఏ భాగమునకు ఏ రంగో అంకెలు వేయుదురు. అప్పుడు బడిపిల్లలును, వృద్ధులును బల్లలయొద్దనే కూర్చుండి రంగులు నింపగలరు. ఆరిన గుడ్డలను జిగురువంటి ఆక్రిలిక్ పదార్థముతో గోడకు అతికింతురు. నిచ్చెన ఎక్కలేనివారికిని ఇట్లు చిత్రమున పాలు కలుగుచున్నది.

ఈ గుడ్డ ముక్కలు చెరసాలకును వెళ్లినవి. 2004లో పూర్తియైన ఒక జంట చిత్రమునకు గ్రేటర్‌ఫర్డ్ కారాగారములోని ఖైదీలును, నేరములకు గురియై దుఃఖించినవారును కలసి పనిచేసిరి. ఒక గోడ ఖైదీల జీవితమును, రెండవది బాధితుల వేదనను చూపును. ఆ కారాగారము 2018లో మూతపడినది.

ఇట్టి చిత్రములు శాశ్వతములు కావు. ఎండకు రంగు వెలయును, చెమ్మకు పెచ్చులూడును. ప్రక్కనున్న ఖాళీ స్థలమున క్రొత్త మేడ లేచినచో చిత్రమంతయు మరుగుపడును. రంగు వేయుటతోపాటు మరమ్మతుకును పూనుకొనువారు కావలెను. తాము కూడ చేయివేసిన చిత్రమైనచో పేటవారే దాని బాగోగులు విచారింతురు.

మన పట్టణములలోను నేడు పలు గోడలపై బొమ్మలు వేయించుచున్నారు. ఇది సంతోషింపదగినదే. అట్టి పని తలపెట్టువారు రంగులు కొనుటకు ముందుగా ఎదురింటివారిని పిలిచి, వారికేమి చూడవలెనని యున్నదో అడుగవలెనని మా మనవి.